చిరాకు కాయల బుట్ట

పొద్దున్నే బస్సు గ్యారేజీ గేటు తీయకముందే ఎదురుగా ఉన్న క్యాంటీన్‌లో మూడు పనులు మొదలయ్యేవి. పొయ్యి వెలిగేది. రొట్టెల పిండి తడిసేది. అత్తాకోడళ్ళు తిట్టుకునేవాళ్ళు. మూడోది లేకపోతే మొదటి రెండూ దండగ. ఎందుకో చెబుతాను, తొందరపడకండి. ఈ సంగతి నాకన్నా బాగా చెప్పేవాడు ఇంకా పుట్టలేదు. పుట్టినా వాడికి నా అంత నోరుండదు.

ఆ క్యాంటీన్ పెరట్లో ఒక చెట్టుండేది. ఆకు పైన పచ్చన, కింద బూడిద. కోడిగుడ్డంత కాయ. అందరూ దాన్ని చిరాకు కాయ అనేవాళ్ళు. పండిన కాయని అడ్డంగా కోసి, చెంచాతో తవ్వి నోట్లో పెట్టుకుంటే ఎలా ఉంటుందంటే, అనాసపండు, జాంపండు, అరటిపండు ముగ్గురూ ఒకే గదిలో అద్దెకు దిగి, పక్కగదిలో పుదీనాతో గొడవ పెట్టుకున్నట్టుంటుంది. రాజులు కూడా తిని ఉండరు. నేను తిన్నాను.

జాము చేసేవాళ్ళు. కేకులో వేసేవాళ్ళు. కాల్చిన కోడి మీద పుల్లపుల్లగా పోసుకునే సాసు చేసేవాళ్ళు. తొక్క చేదని పారేసేవాళ్ళు కాదు, చక్కెరేసి మరగబెడితే షర్బతయ్యేది. పువ్వు రేకులు కూడా వదలకుండా కీరాముక్కల్లో కలిపేవాళ్ళు. గ్యారేజీ మెకానిక్కులు నల్లగ్రీజు చేతులతో వచ్చి, రొట్టె మీద ఆ జాము మందంగా రాసుకుని తింటుంటే, జాముకి గ్రీజు అంటిందో గ్రీజుకి జాము అంటిందో తెలిసేది కాదు. అయినా ఎవడూ కడుక్కునే దాకా ఆగేవాడు కాదు.

పచ్చిది మాత్రం దేనికీ పనికిరాదు. మేకు దిగ్గొట్టుకోవచ్చు, అంతే. గడ్డిలో పెట్టినా, బియ్యం డబ్బాలో పాతినా, ఎండలో ఆరబోసినా పండదు. దాని పక్కన ఎవరో ఒకరు చిరాకు పడాలి. చిరాకు తగిలితే పండుతుంది, తగలకపోతే లేదు. నిమ్మకాయకి పులుపు, మిరపకాయకి మంట, దీనికి ఇది. ఆ వీధిలో ఎవరైనా "మా ఇంట్లో ఈసారి కాయలు బాగా పండాయండీ" అంటే, అవతలివాళ్ళు "పాపం, ఎవరితో?" అని అడిగేవాళ్ళు.

అందుకే ఆ క్యాంటీన్ వంటగదిలో బుట్ట ఎప్పుడూ మధ్యలో ఉండేది. ఇటు అత్తగారు, అటు కోడలు.

"ఉప్పు డబ్బా మూత ఎవరు తీసి పెట్టారు?"

"గాలి తీసిందేమో అత్తయ్యా. మన గాలికి చేతులున్నాయి."

"నోరు కూడా ఉన్నట్టుంది."

"ఉంది. మీ దగ్గరే నేర్చుకుంది."

ఇలా ఉప్పు దగ్గర మొదలై, పెళ్ళినాటి దుప్పటి దాకా వెళ్ళి, మళ్ళీ ఉప్పు దగ్గరికొచ్చేది. గరిటెలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఎగిరేవి. బుట్ట పక్కనే ఒక చిన్న ముక్కాలి పీట. దాని మీద కూర్చుని, గరిటె వచ్చినప్పుడల్లా తల వంచుతూ, కాయల గుజ్జు తవ్వేవాడు ఒకడుండేవాడు. ఆ అత్తకి చిన్న కొడుకు, ఆ కోడలికి మొగుడు. వాడి పేరు వాడికే గుర్తులేదు గానీ, ఊరంతా పర్లేదు అనే పిలిచేది. ఏమడిగినా ఆ మాటే గనక.

"మీరే చెప్పండి, తప్పు నాదా, మీ అమ్మదా?" అనేది పెళ్ళాం.

"పర్లేదు" అనేవాడు.

ఒకసారి గ్యారేజీలో బస్సు టైరు వాడి కాలి మీదుగా వెళ్ళిందట. డ్రైవరు ఏడుస్తూ దిగితే, "పర్లేదులే, ఖాళీ బస్సే కదా" అన్నాడట. నేను చూడలేదు. చూసుంటే ఇంకా బాగా చెప్పేవాణ్ణి.

సంబంధం ఖాయం చేసుకునే ముందు ఆ వైపు ఒక లెక్క ఉండేది. అబ్బాయి జేబులో పచ్చి చిరాకు కాయ వేసి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్ల తరఫు వాళ్ళ మధ్య కూర్చోబెట్టేవాళ్ళు. మెత్తబడితే వద్దు, గట్టిగా ఉంటే ముద్దు. ఆ రోజు పర్లేదు జేబులో కాయ చిలకపచ్చగా, రాయిలా ఉండిపోయింది. పిల్ల నాన్న దాన్ని బల్ల మీద టకటకా కొట్టి చూసి, "ఇలాంటి అల్లుడు దొరకడు" అని మురిసిపోయాడు. నిజమే, ఆ రోజు వాడి మనసులో చిరాకనేదే లేదు. పిల్లని చూస్తున్నాడు గదా. ఆ తర్వాత వాడి దగ్గర ఎవరూ కాయ పెట్టి చూడలేదు. చూడాల్సిన పనేముంది, వాడు పర్లేదు.

ఇక గల్లా దగ్గర కూర్చునేది వాడి అన్న. ఆయన్ని మైకు అనేవాళ్ళు. "రెండు టీ" అని లోపలికి కేకేస్తే గ్యారేజీ అవతల ఉన్న టీ కొట్టువాడు కూడా రెండు పోసేవాడు. పెళ్ళి చేసుకోలేదు. "ఇంట్లో రెండు నోళ్ళు పట్టవు" అని తల్లే వదిలేసింది. మనిషి చెడ్డవాడు కాదు. తమ్ముడంటే ప్రాణం. కాకపోతే అరచేతిలో ఉన్న రుమాలంటే కూడా ప్రాణమే, తుడుచుకోవడం మానతామా?

ఆ ఏడు మైకు ఒక వార్త మోసుకొచ్చాడు. కొండ మీద రాళ్ళ క్వారీ వాళ్ళు అక్కడో క్యాంటీన్ పెట్టమన్నారట. లారీలో పొద్దున ఎక్కితే సాయంత్రానికి చేరే దూరం. అక్కడే ఉండిపోవాలి.

"మాటిచ్చేశాను" అన్నాడు మైకు. "నువ్వెళ్ళాలిరా తమ్ముడూ. అమ్మాయి ఇక్కడే ఉంటుంది, వంట ఎవరు చేస్తారు మరి. ఏమంటావ్?"

"పర్లేదు అన్నయ్యా."

అమ్మాయి అంటే పర్లేదు పెళ్ళాం. ఆమె చేతిలో ఉన్న పెనం పొయ్యి మీద దబ్బున పడింది. ఆ సాయంత్రం వీధిలో కూతురికి సైకిలు నేర్పుతున్న మొగుడి దగ్గరికి వెళ్ళింది. పిల్ల తొక్కుతోంది, పర్లేదు వెనక సీటు పట్టుకుని వగరుస్తూ పరిగెడుతున్నాడు. ఈమె కూడా పక్కనే పరిగెత్తింది, ఏం చేస్తుంది మరి.

"మీకు వెళ్ళాలనుందా?"

"పర్లేదు."

"పర్లేదంటే వెళ్తాననా, వెళ్ళననా?"

"ఏదైనా పర్లేదు."

"నాన్నా, వదిలెయ్యకు" అంది సైకిలు మీద పిల్ల.

"వదలనమ్మా" అన్నాడు. ఆ మాట మాత్రం వెంటనే వచ్చింది.

పెళ్ళాం ఇంటికొచ్చి గిన్నెలన్నీ తోమింది, కడిగినవి కూడా. ఆమె కోపం ఎప్పుడూ చేతుల్లోంచి, నోట్లోంచి పోతుండేది, లోపల నిలవుండేది కాదు. కానీ మొగుడే పర్లేదన్నాక వద్దనడానికి తనెవరు? అదీ ఆమె బాధ. గోడని గుద్దితే చెయ్యన్నా నొప్పి పుడుతుంది. దూదిని గుద్దితే ఏముంది?

పర్లేదు క్వారీకి వెళ్ళాడు, అక్కడ పొయ్యిలు కట్టి, రేకులు కప్పి రావడానికి. సరిగ్గా అదే వారం అత్తగారికి కంటి ఆపరేషనయింది. కట్టు విప్పాక ఇంటికొచ్చి, కోడలి మొహంలో మొహం పెట్టి చాలాసేపు చూసింది. ఎన్నో ఏళ్ళుగా ఆమెకి కోడలంటే ఒక మసక, ఆ మసకలోంచి ఒక గొంతు.

"ఇంత చిక్కిపోయావేమే?" అంది.

అంతే. గొడవ చచ్చిపోయింది. మర్నాడు ఉప్పు డబ్బా మూత తెరిచుంటే అత్తగారే మూసింది. కోడలు కూర్చోవడానికి పీట జరిపింది. బుట్టలో కాయలు పచ్చగా, నున్నగా, పండే ఆలోచనే లేనట్టు కూర్చున్నాయి.

మైకు నెత్తి పట్టుకున్నాడు. ఎందుకంటే గ్యారేజీ హెడ్ మెకానిక్ ఆ వారమే పని మానేసి ఇంటి పట్టున ఉండబోతున్నాడు. ఆయనకి గ్యారేజీ అంతా కలిసి విందిస్తోంది. ఏం కావాలని అడిగితే, "నాకేం వద్దు, చిరాకు కాయ కేకు ఒక్కటి పెట్టండి, ఇంట్లో మా ఆవిడ మంచిది, అక్కడ కాయలు పండవు" అన్నాడు. మైకు దానిక్కూడా మాటిచ్చేశాడు. మాటివ్వడంలో ఆయన్ని మించినవాడు లేడు, నేను తప్ప.

"మీరిద్దరూ ఒక్క పూట తిట్టుకోండే" అని తల్లినీ మరదలినీ బతిమాలాడు.

ఇద్దరూ బుట్టకి అటూ ఇటూ కూర్చున్నారు.

"నువ్వు మొదలెట్టు. నన్ను ముసలి గబ్బిలం అను" అంది అత్తగారు.

"ఎలా అనను అత్తయ్యా, కళ్ళలో మందేసుకుని ఉన్నారు."

"పోనీ నేనంటాను. ఒసేయ్ దరిద్రపు..." అని ఆగి, "జడ ఊడిందే, ఇలా రా, అల్లుతాను" అంది.

ఇద్దరూ నవ్వేశారు. కాయలు ఇంకాస్త పచ్చబడ్డాయి.

మైకు బుట్ట నెత్తినెత్తుకుని బయల్దేరాడు. వీధి కుళాయి దగ్గర బిందెల వరసని శాసించే ఒకావిడుంది. ఆవిడ ఆవులిస్తేనే కుక్కలు తోక ముడుస్తాయి. ఆవిడ బుట్టని ఎదురుగా పెట్టుకుని కాయల వంశాన్నంతా పేరుపేరునా కడిగేసింది. గొంతు పోయింది గానీ కాయ రంగు పోలేదు. అది ఆవిడకి పెద్ద అవమానమైపోయింది. అక్కణ్ణుంచి కరెంటాఫీసు. ఫిర్యాదులు తీసుకునే కిటికీ కింద పెట్టాడు. జనం వచ్చి బల్లలు గుద్దారు, కాగితాలు చింపారు, ఒకాయన చెప్పు కూడా తీశాడు. అరిచినవాళ్ళంతా తేలికపడి ఇంటికెళ్ళిపోయారు. కాయలు మాత్రం ముడత కూడా పడలేదు.

"ఊళ్ళో ఇంతమంది తిట్టుకుంటున్నారు, ఒక్క కాయ పండదేంట్రా దేవుడా" అంటూ మైకు బుట్ట తెచ్చి వంటగదిలో పీట పక్కన దించేశాడు. అదీ దానికి అలవాటైన చోటు. ఎటూ పనికిరావు గదాని దాని మీద తువ్వాలు పడేశాడు.

విందుకి ముందురోజు సాయంత్రం పర్లేదు లారీ దిగాడు. కనురెప్పల మీద కూడా రాతిపొడి. కాళ్ళు కడుక్కుని, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి పీట మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలవడం మొదలెట్టాడు. పిల్ల వచ్చి వీపు మీద వాలింది. మైకు గల్లా దగ్గర్నుంచి లేచి, వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. కేకు సంగతి ఎలాగూ తేలలేదు, కనీసం క్వారీ సంగతైనా తేల్చుకుందామని.

"విందు అవగానే లారీ ఎక్కాలిరా. పెద్ద గిన్నెలు రెండూ నీతో తీసుకుపో."

"పర్లేదు అన్నయ్యా."

పొయ్యి దగ్గరున్న పెళ్ళాం ముక్కు ఎగబీల్చింది. అనాసపండు వాసన. గది మొత్తం మీద అనాసపండు లేదు.

"నీ మంచం కూడా వేయించుకో. అక్కడ నేల మీద రాళ్ళు."

"పర్లేదు."

ఈసారి జాంపండు. అత్తగారు తల తిప్పింది.

"పండక్కీ పబ్బానికీ రావడం కుదరదు, లారీలు తిరగవు. మేమే వీలు చూసుకుని వస్తాంలే."

"పర్లేదన్నయ్యా."

తువ్వాలు కింద ఏదో మెత్తగా జారింది. పెళ్ళాం గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని వచ్చి తువ్వాలు తీసింది. పైవరస కాయలు బంగారు రంగుకి తిరిగి, తొక్క పలచబడి, పట్టుకుంటే జారిపోయేలా ఉన్నాయి. కిందివి ఇంకా పచ్చివే. ఆమె ఒక పచ్చికాయ తీసింది. పీట అంచుకి టక్‌మని కొట్టి చూసింది. రాయి. దాన్ని తీసుకెళ్ళి మొగుడి ఒళ్ళో పెట్టింది.

"బావగారూ" అంది. గొంతు ఎప్పుడూ లేనంత నెమ్మదిగా ఉంది. "ఇంకేమైనా పట్టుకెళ్ళాలా?"

మైకుకి అర్థం కాలేదు. పాపం, చెప్పాల్సిందింకా మిగిలే ఉంది.

"ఆఁ. పిల్ల సైకిలు. క్వారీలో నీళ్ళ చెలమ దూరం, డబ్బాలు కట్టుకోడానికి పనికొస్తుంది. ఎలాగూ నువ్వు లేకపోతే దాన్ని పట్టుకునేదెవరు?"

పిల్ల నాన్న మెడ చుట్టూ చేతులు బిగించింది. పర్లేదు ఉల్లిపాయ వంకే చూస్తున్నాడు.

"పర్లేదు" అన్నాడు.

ఒళ్ళో ఉన్న కాయ వాళ్ళందరి కళ్ళ ముందే పచ్చ నుంచి పసుపుకి, పసుపు నుంచి ఎరుపుకి తిరిగి, నడుం దగ్గర చిట్లి, రసం పంచె మీద కారింది. ఆ వాసనకి గ్యారేజీలో బస్సు కింద పడుకున్నవాడు లేచి తల కొట్టుకున్నాడట.

అత్తగారు కొత్త కళ్ళతో కొడుకుని చూసింది. తర్వాత పీటని చూసింది. ఆ పీట ఎక్కడుంటుందో, బుట్ట ఎక్కడుంటుందో, ఇన్నేళ్ళూ తామిద్దరూ ఎక్కడ కూర్చుని గొడవపడ్డారో చూసింది.

"మన తిట్లకి కాదే" అంది కోడలితో. "మనవి నోట్లోంచి పోయాయి. వీడివి పోలేదు."

మైకు గుమ్మంలోనే నిలబడిపోయాడు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు ఆ గది దాటి బయటికి వినపడలేదు.

"ఒరేయ్, వద్దని ఒక్కసారి చెప్పొచ్చుగా?"

"చెబితే నీకు కష్టమవుతుంది గదా అన్నయ్యా" అన్నాడు పర్లేదు. చేతిలో ఉల్లిపాయ ఉంది కాబట్టి కళ్ళనీళ్ళ గురించి ఎవరూ అడగలేదు.

మైకు వెనక్కి తిరిగి వెళ్ళి గల్లా దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి లేచి, గోడకి తగిలించిన తన చొక్కాలు తీసి మడతపెట్టడం మొదలెట్టాడు. "మాటిచ్చింది నేను గదా" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

విందులో కేకు ఎలా ఉందో చెప్పడానికి నాకే మాటలు చాలవు, ఇక మీరే ఆలోచించుకోండి. హెడ్ మెకానిక్ రెండో ముక్క తింటూ, "ఇంత తీపి ఎవరి చిరాకయ్యా?" అని అడిగాడు. పెళ్ళాం మాత్రం ఆ కేకు తినలేకపోయింది. ముక్క చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. ఇన్నేళ్ళుగా తను పొయ్యి మీద కలిపిన జాములన్నీ గుర్తొస్తున్నాయి.

మైకు లారీ ఎక్కాడు. దార్లో ఏమైనా తినడానికుంటుందని తల్లి ఒక బుట్ట పచ్చికాయలు కూడా ఎక్కించింది. ఆమె తెలిసే ఎక్కించిందో తెలీక ఎక్కించిందో నేను అడగలేదు.

క్యాంటీన్‌లో ఇక చిరాకు కాయలు పండలేదు. అత్తాకోడళ్ళు కలిసిపోయారు. పెళ్ళాం రోజూ పొద్దున ఒక పచ్చికాయ మొగుడి చొక్కా జేబులో వేసేది, సాయంత్రం తీసి బల్ల మీద కొట్టి చూసేది. మొదట్లో కొంచెం మెత్తగా ఉండేది. మెత్తగా ఉన్న రోజు ఏదో ఒకటి అడిగి తెలుసుకునేది, వాడు నసిగి నసిగి చెప్పేవాడు. చారులో ఉప్పెక్కువైందని, ఆ నీలం చొక్కా అస్సలు ఇష్టం లేదని, తల మీదుగా గరిటెలు విసరొద్దని. మెల్లగా కాయ గట్టిపడింది. చివరికి పెళ్ళినాటి కాయలా టకటకా మోగింది. ఆమెకి సంతోషమే, అయితే మెకానిక్కులు వట్టి రొట్టె తింటూ మొహాలు వేలాడేసుకుంటే మాత్రం ఒళ్ళు మండేది. "మొగుడు బాగుంటే జాము లేదు, జాము ఉంటే మొగుడు బాగోడు. ఇదేం కాయండీ" అని గిన్నెలు గిరాటేసేది.

కొన్నాళ్ళకి క్వారీ లారీ వచ్చి క్యాంటీన్ ముందు ఆగింది. డ్రైవరు ఒక బుట్ట దించాడు. వీధి చివరి నుంచే వాసన. పైనుంచి కింది దాకా అన్నీ పండినవే.

"మీ వాడు పంపాడు" అన్నాడు డ్రైవరు.

"ఎలా ఉన్నాడు?" అంది అత్తగారు.

"బాగానే ఉన్నాడు. అక్కడ రాళ్ళు పగలగొట్టే మిషను రోజంతా ఆడుతుంది. ఆయన అరిచినా ఆయనకే వినపడదు. అందుకని అరవడం మానేశాడు. ఏమడిగినా 'పర్లేదు' అంటాడు."

మెకానిక్కులు అప్పుడే గుమ్మం దగ్గర మూగారు, రొట్టెలు పట్టుకుని. అత్తగారు ఒక పండు చేతిలోకి తీసుకుంది, కొయ్యలేదు. పర్లేదు పీట మీంచి లేచి వచ్చాడు. చెంచాతో ఒక్క ముక్క తవ్వి నోట్లో పెట్టుకున్నాడు. ఆ రుచి వాడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? చాలాసేపు నములుతూ నిలబడ్డాడు.

"ఈ లారీలోనే కబురు పెట్టండి" అన్నాడు. "అన్నయ్యని దిగొచ్చేయమనండి. క్వారీ వాళ్ళతో కుదరదని నేను చెబుతాను."

"మరి జాము?" అన్నాడొక మెకానిక్కు.

"జాము లేకపోతే పర్లేదు."

పెళ్ళాం వచ్చి, వాడి జేబులో చెయ్యి పెట్టి కాయ తీసింది. బల్ల అంచుకేసి కొట్టింది.

టక్‌మంది.

"నిజంగానే పర్లేదట" అంది మెకానిక్కులతో. "వట్టి రొట్టె తినండి."